వెలుగు కత్తి లోపలి పని

1977లో ఐదు నెలల తేడాతో రెండు సంగతులు జరిగాయి. మే 25న అమెరికాలో స్టార్ వార్స్ సినిమా విడుదలైంది. అక్టోబరు 23న హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది. పైకి చూస్తే దేని దారి దానిదే. అయితే ఆ సినిమాలో వీరులు తిప్పిన వెలుగు కత్తికి గొంతునిచ్చిన వాటిలో టీవీ పిక్చర్ ట్యూబ్ ఒకటి. అలాంటి టీవీలకు టంకం వేసి పెట్టెలో బిగించే విద్య అప్పటికే హైదరాబాద్‌లో వేళ్లూనుకుంది.

శబ్దం సంగతి ముందు చెప్పుకోవాలి. సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ చదువుకునే రోజుల్లో ప్రొజెక్టర్లు నడిపేవాడు. ఖాళీగా తిరిగే పాత ప్రొజెక్టర్ మోటారు గుర్రు ఆయన చెవిలో ఉండిపోయింది. ఒకసారి కవచం తెగిన మైక్ వైరును టీవీ వెనకనుంచి తీసుకెళుతుంటే పిక్చర్ ట్యూబ్ రొద అందులోకి దూరింది. ఎవరైనా ఆ వైరును పారేసేవారే. ఆయన ఆ రొదను మోటారు గుర్రుతో కలిపాడు. ఆ మిశ్రమాన్ని స్పీకర్‌లో వినిపిస్తూ, దాని ముందు మైకును అటూ ఇటూ విసిరి మళ్లీ రికార్డు చేశాడు. కత్తి విసురు చెవికి తెలియడం అక్కడ మొదలైంది.

కత్తి పిడి కథ ఇంకా సాదాసీదాగా ఉంటుంది. సెట్ డెకొరేటర్ రోజర్ క్రిస్టియన్ లండన్‌లో ఒక కెమెరా దుకాణంలో పాత గ్రాఫ్లెక్స్ ఫ్లాష్ పిడులు చూశాడు. వాటికి రబ్బరు పట్టీలు, కాలిక్యులేటర్‌లోని బుడగల అద్దం ముక్క అతికించాడు. చిత్రీకరణలో పిడిలోంచి కాంతిని వెనక్కి తిప్పికొట్టే పూత పూసిన కర్ర వచ్చేది. పిడిలోని మోటారు దాన్ని గిరగిరా తిప్పేది. అనుకున్నంత వెలుగు రాలేదు కాబట్టి చివరికి ఫ్రేము ఫ్రేముకూ చేత్తో వెలుగు గీశారు.

సినిమాలో వెలుగును తర్వాత గీసుకోవచ్చు. నాటకంలో ఆ వీలు లేదు. జనం చూస్తుండగా ఆ క్షణానే మెరవాలి.

అందుకే ఈనాడు అభిమానులు చేతబట్టే వెలుగు కత్తి సినిమా కంటే నాటకానికే దగ్గరి చుట్టం. తెలుగునాట ఆ చుట్టరికం వెతకాలంటే సురభి దగ్గరికి వెళ్లాలి. తోలుబొమ్మలు ఆడించుకునే కుటుంబాలు 1885లో కడప దగ్గరి సురభి గ్రామంలో కీచకవధ నాటకం వేశాయి. వనారస గోవిందరావు దానికి ఆద్యుడు. సమాజాలు పెరిగి ఊరూరా తిరిగాయి. 1937లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి నేటికీ ఆడుతోంది. దాన్ని నడిపిన ఆర్. నాగేశ్వరరావు బాబ్జీకి 2013లో పద్మశ్రీ వచ్చింది. సురభి కుటుంబాలు స్థిరపడిన కాలనీ శేరిలింగంపల్లిలో ఉంది. అక్కడినుంచి ముంబయి రహదారి పట్టుకుంటే బీహెచ్ఈఎల్ దాటి పటాన్‌చెరు వస్తుంది.

సురభి మాయాబజార్‌లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వస్తాయి. యుద్ధ ఘట్టాల్లో రెండు వైపులనుంచి వచ్చిన బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలుస్తాయి. తెర పక్కన తీగ లాగేవాడి చేతివాటం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఒక్క లిప్త ఆలస్యమైతే బాణాలు కలవవు. ఆ చేతికి చప్పట్లు అందవు, పేరు కూడా తెలియదు. తెలుగు పౌరాణిక సినిమాల్లోనూ ఇలాంటి పని ఎంతో ఉంది. 1961 నాటి సీతారామ కల్యాణానికి కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్‌ను ట్రిక్ ఫొటోగ్రఫీకి తలుచుకుంటాం. రంగస్థలం మీద తీగ లాగినవాళ్లకు ఆ పాటి గుర్తింపు కూడా దక్కకపోవడం అన్యాయమే.

ఇక టంకం విద్య. అణుశక్తి శాఖ ట్రాంబేలో పెంచుకున్న ఎలక్ట్రానిక్స్ పనినుంచి 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టినవాడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఏఎస్ రావు నగర్ ఆయన పేరునే ఉంది. 1975 ఆగస్టునుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఆ ప్రసారం అందింది. కోళ్ల గూటికి వాడే ఇనుప వలతో మూడు మీటర్ల గొడుగులు కట్టారు. వాటి కింద పెట్టిన టీవీలు ఈసీఐఎల్ తయారు చేసినవే. ఆ తర్వాత ఈసీ టీవీ మధ్యతరగతి ముందుగదిలోకి వచ్చింది. టీవీ పాడైతే బాగుచేసే దుకాణాలు వెలిశాయి. విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ దిక్కయింది. రెసిస్టర్ ఒక్కటి కావాలన్నా, స్పీకర్ కావాలన్నా ఇప్పటికీ జనం అక్కడికే వెళతారు.

పటాన్‌చెరు వైపు ఈ విద్య మరో రూపంలో చేరింది. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, తర్వాత పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడలు, 1980ల్లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం వచ్చాయి. ఫ్యాక్టరీ అంటే కంట్రోల్ ప్యానెల్ ఉంటుంది. ప్యానెల్ అంటే వైరింగ్ ఉంటుంది. ఏ రంగు వైరు ఎక్కడికి పోవాలి, ఏ కొసకు ఏ నంబరు తొడగాలి, ఎంత కరెంటుకు ఎంత మందం అన్నది ఈ చుట్టుపక్కల షిఫ్టులకు వెళ్లే ఎలక్ట్రీషియన్లకు కొట్టినపిండి. వెలుగు కత్తి లోపల చేసేదీ అదే పని. కాకపోతే ఇక్కడ చోటు మూడు సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టం.

ఆ గొట్టంలో పట్టేంత శక్తి, వెలుగు ఈమధ్య వచ్చినవే. ఎర్ర ఎల్‌ఈడీ 1962 నాటిది. బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీ కోసం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. దాన్ని సాధించిన ముగ్గురు జపాన్ శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ వచ్చింది. లిథియం అయాన్ బ్యాటరీని సోనీ 1991లో మార్కెట్లో పెట్టింది. ఇవి లేకముందు ఇంట్లో చేసుకున్న కత్తి పగటి వెలుతురులో ఉత్త గొట్టమే.

ఇప్పటి కత్తిలో పాలికార్బొనేట్ గొట్టం లోపల రెండు ఎల్‌ఈడీ పట్టీలు వీపులు ఆనించుకుని ఉంటాయి. మీటరుకు 144 దీపాలు. ప్రతి దీపంలోనూ చిన్న చిప్పు ఉంటుంది కాబట్టి ఒక్కొక్కటీ విడిగా ఆజ్ఞ వింటుంది. కత్తి పిడిలోంచి సాగి వచ్చినట్టు కనిపించడానికి కారణం అదే. ఒక్క దీపం పూర్తి తెలుపులో వెలిగితే దాదాపు 60 మిల్లీయాంపులు తాగుతుంది. కత్తి పొడవునా రెండు వందల పైచిలుకు దీపాలను లెక్కేస్తే పది యాంపులు దాటిపోతుంది. అందుకే బ్యాటరీనుంచి పట్టీకి వెళ్లే వైర్లు మందంగా ఉండాలి. ఆజ్ఞ మోసే వైరు వెంట్రుకంత సన్నంగా ఉన్నా ఫర్వాలేదు. దాని దారిలో చిన్న రెసిస్టర్ పెడతారు.

పిడి లోపల చట్రం ఉంటుంది. అందులో 18650 సెల్లు, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న సెల్లు కూర్చుంటుంది. సౌండ్ బోర్డు, మెమరీ కార్డు, స్పీకర్, మీట దాని పక్కన సర్దుకోవాలి. బోర్డు మీది సెన్సర్ చేతి కదలికను కొలుస్తుంది. విసురు వేగాన్ని బట్టి బోర్డు రెండు రికార్డింగులను ఒకదాన్నుంచి ఒకదానిలోకి జారుస్తుంది. బెన్ బర్ట్ మైకును ఊపి రాబట్టిన శబ్దాన్ని ఈ గోరంత చిప్పు లెక్కలు కట్టి రాబడుతోంది. ప్రాఫీబోర్డ్ లాంటి బోర్డుల సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచి ఉంచారు. తెలిసినవాళ్లు మార్చి రాసుకోవచ్చు.

ప్రమాదం సెల్లు దగ్గరే. పది యాంపులు ఇవ్వగల సెల్లు ధన, రుణ కొసలు ఒకదానికొకటి తగిలితే పొగ, ఆ వెంటనే మంట. కాబట్టి సెల్లును ఆఖర్న పెట్టాలి. అంతకుముందే ప్రతి అతుకుకూ ష్రింక్ ట్యూబ్ తొడిగి, మల్టీమీటరుతో రెండు కొసల మధ్య షార్ట్ లేదని చూడాలి. అతుకు నున్నగా పరుచుకోవాలి. బొంగరంలా ఉబ్బి ఉంటే వేడి చాలలేదని అర్థం, కత్తి ఊపిన మొదటి రోజే ఊడుతుంది. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సీసం లేనిదానికి ఇంకో ముప్పై నలభై డిగ్రీలు ఎక్కువ కావాలి. పని కష్టమైనా సీసం లేనిదే వాడాలి. టంకం వేసేటప్పుడు లేచే పొగలో ఎక్కువగా ఉండేది ఫ్లక్స్ ఆవిరి, అది ఊపిరితిత్తులకు చెడుపు. సీసం మాత్రం వేళ్లనుంచి నోట్లోకి, పారేసిన బోర్డులనుంచి నేలలోకి చేరుతుంది. నక్కవాగు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన పటాన్‌చెరు ప్రాంతానికి ఈ మాట ఒకరు చెప్పనక్కర్లేదు.

మంచి పనివాడి గుర్తు విప్పి చూస్తే తెలుస్తుంది. లిథియం సెల్లు కొన్ని వందల చార్జింగుల తర్వాత నీరసిస్తుంది. స్పీకర్ పొర చిరుగుతుంది. పట్టీలో ఒక దీపం పోతే దాని తర్వాతివన్నీ ఆరిపోతాయి. చట్రాన్ని వేడి జిగురుతో పిడికి అతికేసినవాళ్లు అప్పుడు కత్తినే పారేయాల్సి వస్తుంది. మర బిగించి, మెడ దగ్గర ప్లగ్గు పెట్టి, వైర్లకు ఒక అంగుళం వదులు ఉంచినవాళ్లు పావుగంటలో పాత సెల్లు తీసి కొత్తది వేస్తారు.