చెపాకు మైదానమున సమపంక్తి

1888లో తిరుత్తణియందు డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు జన్మించిరి. ఈ సంగతిని మన యింటి బిడ్డలెల్లరు ఎఱుగుదురు. ఆ సంవత్సరముననే చెన్నపురిలో మఱియొక తెలుగు గృహస్థు భారతీయ యువకులకై యొక క్రికెట్టు సంఘమును నెలకొల్పెను. దీనిని మాత్రము మన పెద్దలలోనే పలువురు మఱచిరి. ఆటలు బాల్యచాపల్యమనియు, చరిత్ర యనగా రాజులు, యుద్ధములు మాత్రమేయనియు తలచుట మనకు చిరకాలముగా నున్న యలవాటు.

ఆ గృహస్థు మోతవరపు వెంకటమహీపతి నాయుడు గారు. లోకము వారిని బుచ్చిబాబు నాయుడనియే పిలిచినది. వారు 1868లో జన్మించి, దుబాషీ వృత్తిచే ధనము గడించిన కుటుంబమున, మైలాపూరులోని లజ్ భవనమున పెరిగిరి. ఆ కాలమున చెపాకు మైదానము మదరాసు క్రికెట్టు క్లబ్బువారి యధీనము. 1846లో పుట్టిన ఆ క్లబ్బున ఐరోపావారికి దక్క నితరులకు సభ్యత్వము లేదు. అచ్చట ఆడవచ్చిన భారతీయులు చెట్లనీడను భోజనము చేయవలసి వచ్చెడిదని చెప్పుదురు. పంక్తిభేదము మన దేశమునకు క్రొత్తది కాదు. ఒరులకు మనము చేయునప్పుడు తోచని బాధ మనకు జరిగినప్పుడు చక్కగా తోచినది!

బుచ్చిబాబు గారు అలిగి ఆటను విడువలేదు. మదరాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, యువకులను చేరదీసి, ఆటసామగ్రిని తామే సమకూర్చి, వారిని తీర్చిదిద్దిరి. తిరువళ్లూరు మీదుగా 1856లోనే ఇనుపదారి పడియుండుటచే, మన ప్రాంతమునుండి చదువులకై చెన్నపురి చేరుట అప్పటికే సులభమై యుండెను. తెల్లవారి ఆటను కంచెవెలుపల నిలిచి చూచుటయే గాక, తానును బ్యాటు పట్టవచ్చునన్న ధైర్యమును పట్టణపు యువకునకు కలిగించినది ఈ సంఘమే.

ఇరువదేండ్లు ఈ కృషి సాగినది. ఐరోపావారి జట్టును, భారతీయుల జట్టును ఎదురెదురుగా నిలుపవలెనన్న వారి సంకల్పమునకు 1908లో క్లబ్బువారు సమ్మతించిరి. కాని ఆ ఆట జరుగకముందే, నలువది యేండ్ల ప్రాయముననే, వారు కాలధర్మము నొందిరి. ఆట మాత్రము ఆగలేదు. తరువాత నది సంక్రాంతి దినముల వేడుకగా స్థిరపడి, 1952 వఱకు నిలిచినది. భోగి మంటలవలె, పొంగలివలె, చెపాకులోని ఆటయు పట్టణమున పండుగలో నొక భాగమయ్యెను.

ఇట్టి కథయే సముద్రములకావల మఱియొక రూపమున జరిగినది. అమెరికాలో శరదృతువు వచ్చినదనగా కళాశాలల ఫుట్‌బాలు పోటీలు మొదలగును. అది మనమెఱిగిన కాలిబంతి కాదు. బంతిని చేతబట్టి పరుగెత్తుటయే అందు హెచ్చు. పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో 1879లో ఆ దేశపు ఆదివాసుల పిల్లలకై సర్కారు పాఠశాల యొకటి వెలసెను. అచ్చట పిల్లల జుట్టు కత్తిరించి, మాతృభాష నోట రానీయక నిషేధించిరి. ఆ పాఠశాల జట్టు 1911 ఋతువులో పండ్రెండు ఆటలాడి పదునొకండు గెలిచెను. నవంబరు 11న మహాబలమైన హార్వర్డు జట్టును 18–15తో ఓడించెను. ఆ పదునెనిమిదింటిలో పండ్రెండు జిమ్ థోర్ప్ నాలుగు తన్నులతో సాధించినవి. అటుపిమ్మట సిరక్యూజు జట్టు చేతిలో ఒక్క అంకెతో, 12–11తో, ఓడిరి. ఆ ఋతువున వారికదియొక్కటే ఓటమి. 1918లో పాఠశాలయే మూతపడెను.

రెండు కథలకును భేదము కలదు. ఆ పిల్లలు గెలిచినను తమ భాషలో సంతోషమును చెప్పుకొనుటకు వీలులేదు. మన యువకులు సాయంకాలము ఇల్లు చేరి తల్లితో తెలుగునందో, తమిళమునందో ఆటను వర్ణించి యుందురు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినప్పుడు పటములోని గీత మారినదే గాని, మన పంచలలోని మాట మారలేదు. పై భేదము విలువ మనకు తెలియకపోదు.

బుచ్చిబాబు గారి కుమారులు తండ్రి మార్గముననే నడచిరి. వారి పేర పోటీలు 1909లో ఆరంభమయ్యెను. కుమారులలో బాలయ్య మదరాసు జట్టున ఆడెను. మాతామహుని యింటికి దత్తుడైన కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్పు టెన్నిసు ఆడెను. 1936 జూలైలో మాంచెస్టరున, తన నలువది యేండ్ల ప్రాయమున, తొలి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేసెను. బుచ్చిబాబు పోటీలు కొంతకాలము నిలిచిపోయి 2023లో తిరిగి మొదలైనవి. పలు రాష్ట్రముల జట్లు అందుకై తమిళనాడునకు వచ్చినవి.