ఫోటో వెనక పేరు

మన ఇళ్ళల్లో బాగా పాత ఫోటోలు మగవాళ్ళవే ఎక్కువ ఎందుకుంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? తాతగారు కోటు తొడుక్కుని కుర్చీలో కూర్చున్న ఫోటో గోడ మీదే ఉంటుంది. నాయనమ్మని చూడాలంటే ఏ పెళ్ళి గ్రూపు ఫోటోలోనో వెనక వరసలో వెతుక్కోవాలి.

ఫ్రాన్సులో డాగేర్ కనిపెట్టిన ఫోటో పద్ధతిని 1839లో లోకానికి ప్రకటించారు. కొద్ది కాలానికే అది మన దేశానికీ వచ్చింది. కానీ పరాయి మగవాడు నల్లగుడ్డ కప్పుకుని తనవైపే చూస్తుంటే కదలకుండా కూర్చోవడం ఆనాటి ఆడవాళ్ళకి అయ్యే పనేనా? పైగా ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందన్న భయం ఒకటి!

ఈ ఇబ్బందికి ఒక దారి మన హైదరాబాదులోనే దొరికింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే దొరసాని. చుట్టూ ఎత్తయిన గోడలు, లోపల కెమెరా పట్టేదీ ఆడవాళ్ళే.

అది కలవారి ముచ్చట. మామూలు ఇళ్ళ ఆడవాళ్ళు కెమెరా ముందుకి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అదీ పెళ్ళి సంబంధం కోసమో, సీమంతానికో. వెనక అద్దం పెట్టి పూలజడ కనబడేలా తీసిన ఫోటోలు మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటాయి.

మా అత్తయ్యగారి ట్రంకు పెట్టెలో ఫోటోలు సర్దుతుంటే ఇంకో సంగతి కనబడింది. ఒక ఫోటో వెనక మామయ్యగారి తండ్రి పేరు, ఊరు, తారీఖు సిరాతో చక్కగా రాసి ఉన్నాయి. పక్కన నిలబడ్డావిడకి మాత్రం "భార్య" అన్న ఒక్క మాటే! ఆవిడ పేరు చెప్పగలిగింది ఎనభై దాటిన మా అత్తయ్యగారొక్కరే. ఇంకో గ్రూపు ఫోటోలో ముగ్గురు ఆడవాళ్ళని ఆవిడ కూడా పోల్చుకోలేకపోయారు. మొహాలు స్పష్టంగానే ఉన్నాయి, మనుషులే తెలియకుండా పోయారు.

అందుకే ఫోటోలు దాచడమంటే ముందు పేర్లు దాచడం. పాత కాగితం ఫోటోల వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి. బాల్ పెన్ను నొక్కు ముందువైపు తేలుతుంది. రంగుల ఫోటోల వెనక ప్లాస్టిక్ పూత మీద పెన్సిల్ నిలవదు కాబట్టి ఒక్కోదాన్ని ఒక్కో కాగితం కవరులో పెట్టి, కవరు మీద రాస్తే సరి. జిగురు పేజీల ఆల్బమ్‌లు ఫోటోని పట్టేసుకుంటాయి. అంటుకుపోయినదాన్ని లాగకుండా పేజీతో సహా స్కాన్ చేయండి.

నలుపు తెలుపు ఫోటోలో బొమ్మ వెండి రేణువులది. రంగుల ఫోటోలోవి అద్దకం రంగులు, తొందరగా వెలుస్తాయి. కాబట్టి ముత్తాతల ఫోటోలకన్నా ముందు మన అమ్మానాన్నల కాలం నాటి రంగుల ఫోటోలు స్కాన్ చేయాలి.

పెద్దవాళ్ళ పక్కన కూర్చుని పేర్లు రాసేటప్పుడు ఆడవాళ్ళకి "ఫలానా వారి భార్య" అని వదిలేయకండి. ఆవిడ పేరు, పుట్టింటి ఇంటిపేరు, ఊరు కూడా అడిగి రాయండి. సరిగ్గా చెప్పగలిగేవాళ్ళు ఇంట్లో ఉండగానే ఆ పని జరగాలి.