పికప్ ట్రక్ మైలేజ్ 25 ఏళ్లలో ఎందుకు పెరగలేదు? కోడి మాంసం గొడవ నుంచి చెప్పుకోవాల్సిన కథ

ఈరోజు రెండు బండ్లతో మొదలుపెడదాం. రెండూ ఫోర్డ్ రేంజర్ పికప్ ట్రక్కులే, రెండూ అమెరికాలో అమ్మినవే. ఒకటి 1995 మోడల్, ఇంకోటి 2019 మోడల్. రెండిట్లోనూ నాలుగు సిలిండర్ల 2.3 లీటర్ల ఇంజిన్ దొరుకుతుంది. పాతది 112 హార్స్‌పవర్ ఇస్తే కొత్తది 270 ఇస్తుంది. పాతదానికి 5 గేర్లు, అదీ చేత్తో మార్చుకోవాలి. కొత్తదానికి 10 గేర్ల ఆటోమేటిక్, టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్, అన్నీ ఉన్నాయి. మరి మైలేజ్? ఇప్పటి లెక్కల పద్ధతిలో చూస్తే రెండూ గ్యాలన్‌కి ఇరవై రెండు, ఇరవై మూడు మైళ్ల దగ్గరే ఉంటాయి. మన భాషలో లీటర్‌కి తొమ్మిదిన్నర కిలోమీటర్ల చుట్టుపక్కల.

పాతికేళ్ల ఇంజనీరింగ్ ఏమైపోయింది మరి? నేను బీటెక్ చేసి నాలుగేళ్లు కోడ్ రాసినవాణ్ణి, మెకానికల్ కాదు. అయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. వెతుక్కుంటూ పోతే జవాబు ఇంజిన్‌లో కన్నా చట్టాల్లో ఎక్కువ కనిపించింది.

ముందు కోడి సంగతి. 1960ల మొదట్లో అమెరికా చవక కోడి మాంసం యూరప్‌కి వెల్లువలా వెళ్లేది. పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ రైతులు గోల పెట్టారు. 1962లో యూరప్ కామన్ మార్కెట్ దాని మీద సుంకం పెంచింది. దానికి బదులుగా 1963 డిసెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బంగాళాదుంప స్టార్చ్, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, తేలికపాటి ట్రక్కులు... ఈ నాలుగింటి మీద 25 శాతం సుంకం వేశాడు. ట్రక్కులు ఎందుకంటే ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లని కొట్టడానికి. మిగతావాటి మీద తర్వాత ఎత్తేశారు, ట్రక్కుల మీద మాత్రం అలాగే ఉండిపోయింది. అరవై ఏళ్లు దాటినా జనం దాన్ని చికెన్ ట్యాక్స్ అనే అంటారు.

జపాన్ వాళ్లు తెలివైనవాళ్లు. వెనక తొట్టి లేకుండా క్యాబిన్, ఛాసిస్ మాత్రమే పంపిస్తే సుంకం 4 శాతమే. ఓడ దిగాక అమెరికాలో తొట్టి బిగించేవాళ్లు. అలా వచ్చిందే 1972 నాటి షెవ్రొలే లవ్. పేరు షెవ్రొలేది, బండి ఇసుజుది. చిన్నది, తేలికది, తక్కువ తాగేది. 1980లో ఈ కిటికీ కూడా మూసేశారు. అప్పట్నుంచి అమెరికాలో చవకైన చిన్న ట్రక్ అమ్మాలంటే అక్కడే ఫ్యాక్టరీ పెట్టాలి. నిస్సాన్ 1983లో టెనెసీలోని స్మిర్నాలో మొదలుపెట్టింది, అక్కడ మొదట తయారైంది పికప్పే.

ఇక పెట్రోల్ కథ. 1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. బ్యారెల్ దాదాపు 3 డాలర్ల నుంచి కొన్ని నెలల్లోనే 12 డాలర్ల దగ్గరికి పోయింది. బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు. 1974 జనవరి 2న నిక్సన్ సంతకంతో దేశమంతా హైవే వేగం గంటకి 55 మైళ్లకి దించేశారు, అంటే 88 కిలోమీటర్లు. 1975 డిసెంబర్‌లో మైలేజ్ చట్టం వచ్చింది. ఒక కంపెనీ ఒక ఏడాదిలో అమ్మిన బండ్ల సగటు మైలేజ్ ఇంత ఉండాలి, లేకపోతే జరిమానా. దాన్నే కెఫే అంటారు. కాఫీ తాగే కెఫే కాదు, స్పెల్లింగ్ అదే అనుకోండి. కార్లకి 1978లో 18 మైళ్లు, 1985కల్లా 27.5.

ట్రక్కులకి మాత్రం వేరే లెక్క. ట్రక్ అంటే రైతుది, మేస్త్రీది, ప్లంబర్‌ది, పని బండి కదా అని తక్కువ టార్గెట్ పెట్టారు. 1979లో మామూలు ట్రక్కులకి 17.2, ఫోర్ వీల్ డ్రైవ్‌కి 15.8. అప్పట్లో అది న్యాయమే అనిపిస్తుంది నాకు. ట్రక్కులు మొత్తం అమ్మకాల్లో ఐదో వంతే. ఇప్పుడు ఎస్‌యూవీలు కూడా చాలా వరకు ట్రక్ లెక్కలోకే వస్తాయి, అన్నీ కలిపితే సగం దాటిపోయింది. 1996 నుంచి 2004 దాకా ట్రక్కుల టార్గెట్ 20.7 దగ్గర ఒక్క పాయింట్ కూడా కదల్లేదు. తొమ్మిదేళ్లు! ఆ తొమ్మిదేళ్లలో ఫోన్ ఎంత మారిందో ఆలోచించండి.

మరి ఆ టైమ్‌లో ఇంజనీర్లు ఖాళీగా కూర్చున్నారా? లేదు. క్రిస్టఫర్ నిట్టెల్ అనే ఆర్థికవేత్త 2011లో ఒక పేపర్ రాశాడు. 1980 నుంచి 2006 దాకా బండ్ల బరువు, పవర్ 1980లో ఉన్నట్టే ఉంచి ఉంటే మైలేజ్ దాదాపు 60 శాతం పెరిగేదట. నిజంగా పెరిగింది 15 శాతం పైచిలుకు. మిగతా టెక్నాలజీ అంతా బరువు మోయడానికి, పికప్ కొట్టడానికి ఖర్చయిపోయింది. మన రేంజర్లనే చూడండి. పాత చిన్న క్యాబ్ రేంజర్ 1,400 కేజీల లోపు. కొత్త నాలుగు డోర్ల ఫోర్ వీల్ డ్రైవ్ దాదాపు 2,000 కేజీలు. ఆ ఆరొందల కేజీలని ప్రతి సిగ్నల్ దగ్గరా ఆపి, మళ్లీ లేపాలి. సిటీలో మైలేజ్‌ని తినేది అదే.

హైవే మీద మాత్రం అసలు శత్రువు గాలి. బీటెక్ ఫస్టియర్ ఫిజిక్స్ గుర్తుందా? గాలి అడ్డుకునే బలం వేగం స్క్వేర్‌తో పెరుగుతుంది. 55 మైళ్ల నుంచి 75కి వెళితే ఆ బలం 1.86 రెట్లు. పికప్ ముఖం గోడలాగా నిలువుగా ఉంటుంది, నేల నుంచి ఎత్తులో ఉంటుంది, వెనక తొట్టి ఖాళీ. చాలామంది టెయిల్‌గేట్ దించేస్తే గాలి సాఫీగా పోతుంది అనుకుంటారు. జరిగేది రివర్స్. టెయిల్‌గేట్ మూసి ఉంటే తొట్టిలో గాలి సుడి ఒకటి దిండులాగా నిలబడుతుంది, పైనుంచి వచ్చే గాలి దాని మీద జారిపోతుంది. దించితే ఆ దిండు చెదిరిపోతుంది.

డల్లాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు అన్నయ్యకి ఒక మిడ్‌సైజ్ పికప్ ఉంది. వీకెండ్ వస్తే పడవ లాగడం, హోమ్ డిపోకి పోవడం. "స్టిక్కర్ మీద 26 అని రాశారురా, నాకు 20 కూడా రావట్లేదు" అని ఫోన్‌లో ఒకటే గొడవ. "ఎంత స్పీడ్‌లో పోతావ్ అన్నా?" అంటే "80. ఇక్కడ అందరూ అంతే" అన్నాడు. టైర్లు కూడా లావుపాటి ఆల్ టెరైన్‌వి వేయించాడు, పైన ర్యాక్ బిగించాడు. అమెరికా హైవే మైలేజ్ టెస్ట్ అసలు రూపంలో సగటు వేగం 48 మైళ్లు, గరిష్ఠం 60 లోపు. రోలర్ల మీద, గదిలో. జనం నిజంగా నడిపేదానికీ దీనికీ పొంతన లేదని 1985 మోడళ్ల నుంచి స్టిక్కర్ మీద సిటీ అంకెని 10 శాతం, హైవే అంకెని 22 శాతం కోసేశారు. 2008 నుంచి ఏసీ, చలి, గట్టి యాక్సిలరేషన్ టెస్టులు కూడా కలిపారు. కానీ కంపెనీల మీద చట్టం లెక్కగట్టేది ఇప్పటికీ పాత టెస్ట్‌తోనే. అందుకే వార్తల్లో కనిపించే టార్గెట్ వేరు, షోరూమ్ స్టిక్కర్ వేరు, అన్నయ్య బండి వేరు.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే మలుపు. 2006లో ట్రక్కుల రూల్ మార్చారు. ఇకమీదట టార్గెట్ బండి సైజ్‌ని బట్టి ఉంటుంది. నాలుగు చక్రాల మధ్య నేల ఎంతో కొలుస్తారు, ఫుట్‌ప్రింట్ అంటారు. ఎక్కువ నేల ఆక్రమిస్తే టార్గెట్ తక్కువ. ఉద్దేశం మంచిదే: కంపెనీలు మైలేజ్ కోసం బండ్లని మరీ చిన్నగా చేసి సేఫ్టీ పోగొట్టకూడదని. ఫలితం ఏంటంటే చిన్న ట్రక్‌కే అన్నిటికన్నా కష్టమైన పరీక్ష. ఆఫీసులో స్టోరీ పాయింట్లతో పనిని కొలిస్తే ఏం జరిగేదో గుర్తొచ్చింది నాకు. పని పెరగదు, పాయింట్లు పెరుగుతాయి.

2011లో కొత్త పద్ధతి తప్పనిసరి అయింది. అదే ఏడాది డిసెంబర్‌లో మిన్నెసోటా సెయింట్ పాల్ ఫ్యాక్టరీ మూతపడింది, అమెరికాలో పాత రేంజర్ అయిపోయింది. డాడ్జ్ డకోటా కూడా అదే ఏడాది పోయింది. తప్పంతా రూల్‌దే అనను. చిన్న ట్రక్కుల అమ్మకాలు ముందే పడిపోయాయి, ఇంకొంచెం డబ్బు వేస్తే పెద్ద ట్రక్ వచ్చేది. కానీ చిన్నదాన్ని కొత్తగా డిజైన్ చేయడానికి ఏ కంపెనీకీ కారణం మిగల్లేదు. నష్టపోయింది ఎవరు? రెండు డోర్ల చవక బండి కొనుక్కుని పెయింటింగ్ పని చేసుకునేవాడు. 2023 షెవ్రొలే కొలరాడో నాలుగు డోర్లతోనే వస్తుంది, వేరే ఆప్షన్ లేదు.

మనవైపు కూడా దీనికి ఒక చుట్టం ఉంది. తిరుపతి దగ్గర శ్రీసిటీలో 2016లో ఇసుజు ప్లాంట్ తెరిచింది, అక్కడే డీ మ్యాక్స్ వీ క్రాస్ తయారైంది. ఆ డీ మ్యాక్స్, పాత తరం కొలరాడో ఒకే కుటుంబం. మనకి డీజిల్, వాళ్లకి ఎక్కువగా పెట్రోల్. 2016లో కొలరాడోకి 2.8 లీటర్ల డీజిల్ పెడితే టూ వీల్ డ్రైవ్‌లో హైవే రేటింగ్ 31 వచ్చింది, లీటర్‌కి 13 కిలోమీటర్లు. ఆ తరంతోనే ఆ ఇంజిన్‌ని కూడా ఆపేశారు.

చిన్న ట్రక్ మళ్లీ వచ్చింది కూడా, ఇంకో దారిలో. 2022 మోడల్ ఫోర్డ్ మ్యావరిక్ హైబ్రిడ్: ట్రక్ ఛాసిస్ లేదు, కార్ లాంటి బాడీ, సిటీలో రేటింగ్ 42 మైళ్లు. బ్రేక్ వేసినప్పుడు పోయే శక్తిని బ్యాటరీలోకి వెనక్కి లాక్కుంటుంది. ఇందాక సిగ్నల్ దగ్గర చెప్పిన ఖర్చులో కొంత తిరిగొస్తుంది అన్నమాట.

ఇక చట్టం సంగతంటారా, 1975 నుంచి ఉన్న ఆ జరిమానాని 2025 జూలైలో సున్నా డాలర్లు చేశారు. రూల్ పుస్తకంలోనే ఉంది, టార్గెట్ కూడా ఉంది, తప్పితే కట్టాల్సింది మాత్రం ఏమీ లేదు. కంపెనీలు రాబోయే మోడళ్లని ఎంత బరువుతో గీస్తున్నాయో ఇంకో మూడు నాలుగేళ్లలో రోడ్డు మీద కనిపిస్తుంది. అప్పుడు ఆ రేంజర్ పక్కన ఇంకో బండి పెట్టి మళ్లీ ఎపిసోడ్ చేద్దాం.