ఏడవని పసికందుకూ నొప్పి: ఎలా గుర్తిస్తారు, ఎలా తగ్గిస్తారు?

పుట్టిన బిడ్డకు తొలి రోజుల్లోనే విటమిన్-కె ఇంజెక్షన్, బీసీజీ, హెపటైటిస్-బి టీకాలు వేస్తారు. నవజాత శిశువుల ఐసీయూలో చేరిన బిడ్డకైతే సూది పోట్లకు లెక్కే ఉండదు. పారిస్ ప్రాంత ఆసుపత్రుల్లో 430 మంది శిశువులను గమనించిన అధ్యయనం 2008లో వెలువడింది. ఒక్కో బిడ్డకు రోజుకు సగటున 10 నొప్పి కలిగించే ప్రక్రియలు జరిగినట్టు అందులో తేలింది. వాటిలో దాదాపు 79 శాతం సందర్భాల్లో, ఆ నొప్పి తగ్గించేందుకు ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ చేయలేదు.

పసివాళ్ల నరాలు పూర్తిగా ఎదగవు కాబట్టి వాళ్లకు నొప్పి అంతగా తెలియదని 1980ల వరకూ చాలామంది వైద్యులు నమ్మారు. శస్త్రచికిత్సల్లో కండరాలు కదలకుండా మందిచ్చి, నొప్పికి మాత్రం నామమాత్రపు మత్తుతో సరిపెట్టేవారు. ఈ నమ్మకాన్ని దెబ్బతీసిన వారిలో ముఖ్యుడు భారతీయ మూలాలున్న వైద్యుడు కె.జె.ఎస్. ఆనంద్. నెలలు నిండకుండా పుట్టి, గుండె దగ్గరి రక్తనాళానికి ఆపరేషన్ అవసరమైన శిశువులపై ఆయన బృందం చేసిన అధ్యయనం 1987లో లాన్సెట్‌లో వచ్చింది. ఫెంటానిల్ అనే నొప్పి మందు అందిన పిల్లల్లో ఒత్తిడి హార్మోన్ల స్పందన తగ్గింది. ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులూ తగ్గాయి.

నొప్పి ఉందని ఒప్పుకున్నాక, మాట రాని బిడ్డ విషయంలో దాన్ని కొలవడం ఎలా అన్న ప్రశ్న మిగిలింది. ఏడుపును నమ్ముకుంటే పొరపాటే. ఆకలికీ ఏడుస్తారు, తడిసినా ఏడుస్తారు. గొంతులో గొట్టం ఉన్న బిడ్డ ఏడ్చినా శబ్దం రాదు. బాగా నీరసించిన బిడ్డ అసలు ఏడవదు. అందుకే 1996లో వచ్చిన పీఐపీపీ కొలమానంలో ఏడుపు లేదు. కనుబొమల మధ్య ముడి, గట్టిగా మూసుకున్న కళ్లు, ముక్కు పక్కల లోతుగా పడే గీత, గుండె వేగం, రక్తంలో ఆక్సిజన్ శాతం చూస్తారు. వీటికి తోడు బిడ్డ ఎన్ని వారాలకు పుట్టింది, ఆ సమయంలో మెలకువగా ఉందా, నిద్రలో ఉందా అన్నదీ లెక్కిస్తారు. మరీ ముందుగా పుట్టిన బిడ్డకు అదనపు పాయింట్లు ఉంటాయి. నొప్పిని బయటికి చూపే శక్తి ఆ బిడ్డకు తక్కువ కనుక ఈ సర్దుబాటు. మొత్తం స్కోరు 21కి 12 దాటితే నొప్పి మధ్యస్థం నుంచి తీవ్రం.

చిన్న ప్రక్రియలకు మందులకన్నా మామూలు ఉపాయాలే మేలు. మడమకు సూది గుచ్చి రక్తం తీసేటప్పుడు పారాసిటమాల్ పనిచేయదు, పూత మందులతోనూ ప్రయోజనం దాదాపు లేదు. సూది వేసే సమయంలో తల్లి పాలు తాగించడం, తల్లి ఛాతీకి చర్మం తగిలేలా హత్తుకోవడం పనిచేస్తాయి. నెలలు నిండిన బిడ్డకు మడమ నుంచి కాకుండా, నైపుణ్యమున్నవారు సిర నుంచి రక్తం తీస్తే నొప్పి తక్కువ.

అవి కుదరనప్పుడు రెండు నిమిషాల ముందు నాలుకపై కొద్ది చుక్కల 24 శాతం సుక్రోజ్ ద్రావణం వేస్తారు. నిజానికి అది చక్కెరే. అలాగని ఇంట్లో పంచదార నీళ్లు పట్టించకూడదు. తేనె అసలే వద్దు, ఏడాదిలోపు పిల్లలకు దానితో బోట్యులిజం ముప్పు ఉంది. పైగా సుక్రోజ్‌పైనా చర్చ ముగియలేదు. 2010లో లాన్సెట్‌లోనే వచ్చిన అధ్యయనంలో, సుక్రోజ్ ఇచ్చిన పిల్లల ముఖంలో బాధ తగ్గినా మెదడులో నొప్పి సంకేతాలు తగ్గలేదు. ఇక శస్త్రచికిత్సలకు, ఛాతీలో గొట్టం వేయడం లాంటి వాటికి చక్కెర చాలదు. మత్తు, ఓపియాయిడ్ మందులు తప్పవు. శ్వాస మందగించే ప్రమాదం ఉన్నందున నిరంతర పర్యవేక్షణలోనే వాటిని ఇస్తారు.

మన ఆసుపత్రుల్లో అసలు చిక్కు చాలాసార్లు తలుపు దగ్గరే వస్తుంది. పైసా ఖర్చు లేని మందు తల్లి పాలు, తల్లి ఒడి. ఆ తల్లిని ఐసీయూ బయట కూర్చోబెడతారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా పాల్గొన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ కంగారూ సంరక్షణ అధ్యయనం 2021లో వెలువడింది. తల్లి మంచాన్ని ఐసీయూలోనే బిడ్డ పక్కన వేసి, పుట్టిన వెంటనే కంగారూ సంరక్షణ మొదలుపెడితే, తక్కువ బరువు శిశువుల మరణాలు 25 శాతం తగ్గాయి. అది నొప్పి మీద చేసిన అధ్యయనం కాదు. కానీ తల్లి మంచం పక్కనే ఉన్న వార్డులో, సూది తీసే ముందు బిడ్డను ఆమె ఒడిలో పెట్టడానికి నర్సుకు నిమిషం చాలు.