తిత్తిలో గాలి నిలిచినంత కాలం

తుపాకి అనగానే మందు, నిప్పు, పొగ మనసుకు తోస్తాయి. ఈ మూడింటి అవసరం లేకుండా, బిగించిన గాలితోనే గుండును పంపే తుపాకిని ఆస్ట్రియా సైన్యం 1780లో స్వీకరించింది. దాని నిర్మాత టిరోల్ ప్రాంతీయుడైన బార్టొలోమియో జిరార్దోనీ. ఇరవైకి పైగా గుండ్లను ఒక గొట్టంలో నింపుకొని, మధ్యలో మందు కూరే పని లేకుండా వరుసగా కాల్చవచ్చును. నాటి మామూలు తుపాకితో నిమిషానికి మూడు గుండ్లు కాల్చడమే గొప్ప. ఇంతటి ఆయుధం 1815 నాటికే సైన్యంనుండి తప్పుకొన్నది. కారణమేమి?

తుపాకి మడమ భాగమే దాని గాలితిత్తి. ఇనుపరేకును వంచి, కీలలు కొట్టి, అతుకు పోసి చేసిన పాత్ర అది. చేతిపంపుతో సుమారు 1500 సార్లు కొడితేగాని నిండేది కాదు. నిండిన తిత్తితో ముప్పై గుండ్ల వరకు కాల్చవచ్చును. లోపలి పీడనం సుమారు 55 బార్లని అంచనా. అంత గాలిని ఆపవలసినది ఒక తోలు వాషరు! సైకిలు పంపు వాడినవారికి దీని సంగతి తెలుసు. తోలు ఎండితే ముడుచుకొంటుంది, గాలి జారిపోతుంది. తడి తగిలితే ఉబ్బి మళ్ళీ పట్టు ఇస్తుంది. కనుక సైనికుడు ఆ తోలును ఎప్పుడూ తడిగా ఉంచుకోవలసి వచ్చేది. గాలి కారే తిత్తిని యుద్ధభూమిలో సరిచేయగల పనివాడు దొరకడం దుర్లభం. శత్రువు చేతిలోకన్నా వాషరు చేతిలోనే ఆ తుపాకి ఎక్కువగా ఓడిందనుకోవచ్చును.

ఇదే తుపాకికి అమెరికాలో మరొక చరిత్ర ఉన్నది. 1803లో పడమటి దిక్కుకు బయలుదేరిన మెరివెదర్ లూయిస్ తనవెంట ఒక గాలితుపాకిని తీసుకొనిపోయాడు. అది జిరార్దోనీ వర్గానిదేనని నేడు పలువురు పరిశోధకుల అభిప్రాయం. దారిలో కలిసిన తెగలవారికి దానిని ప్రదర్శించి ఆశ్చర్యపరచేవాడు. అది పాడైనపుడు, 1805 జూన్‌లో, జట్టులోని జాన్ షీల్డ్స్ అనే పనివాడు దాని ముఖ్యమైన స్ప్రింగును కొత్తగా అమర్చినట్లు లూయిస్ దినచర్యలో ఉన్నది. ఆస్ట్రియా దళాలకు కొరవడినది ఈ షీల్డ్స్ వంటివాడే.

తోలు స్థానంలోకి రబ్బరు వచ్చాక కథ మారింది. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్‌సెన్‌కు 1939లో ఓ-రింగుపై పేటెంటు లభించింది. గాడిలో కూర్చున్న ఆ చిన్న ఉంగరాన్ని గాలి పీడనమే గోడకు అదిమిపెడుతుంది. ఒత్తిడి పెరిగినకొద్దీ పట్టు బిగుస్తుంది. నేటి పోటీ పిస్తోళ్ళ సిలిండర్లలో సుమారు 200 బార్ల గాలి నిలుస్తున్నదంటే ఆధారం అదే. కారు చక్రంలోని గాలికి ఇది దాదాపు తొంబై రెట్లు. అంతకుముందు వాడిన బొగ్గుపులుసు వాయువు ఎండకు, చలికి పీడనం మార్చుకొనేది. గాలిలో ఆ చిక్కు తక్కువ.

అయినా కారడం మానలేదు. రబ్బరు కాలక్రమాన గట్టిపడుతుంది. కవాటం కూర్చునే చోట ఒక ధూళిరేణువు చేరినా చాలు. జాడ తీసే ఉపాయం మన సైకిలు దుకాణంలోనిదే: నీటిలో ముంచి బుడగలు చూడడం. పిమ్మట గాలినంతా వదలివేసి, తగిన కొలత ఉంగరం మార్చి, సిలికాన్ జిడ్డు రాయాలి. మామూలు నూనె తగదు. అధిక పీడనపు గాలిలో అది మండగలదు. గీత పడిన, తుప్పు తిన్న సిలిండరును మాత్రం బాగుచేయబూనరాదు. వాడుక గడువు తీరినదానిని పక్కన పెట్టవలసినదే. పోటీలలో ఆ గడువు చూసుకొనే బాధ్యతను అంతర్జాతీయ నియమాలు క్రీడాకారునిపైనే ఉంచాయి.

మన హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ రజతం గెలిచినపుడు అందరమూ ఆమె గురిని మెచ్చుకొన్నాము. అది న్యాయమే. ఇటువంటి ప్రతి గురి వెనుకా వేలెడు ఉంగరాన్ని సకాలంలో మార్చే ఒక పనివాని చేయి ఉంటుంది. అతని పేరు చరిత్ర వ్రాసుకోదు. లూయిస్ వ్రాసుకొన్నాడు గనుక షీల్డ్స్ పేరు మనకు మిగిలింది.