ఫ్రాకింగ్ అంటే ఏమిటి? మిర్చి నేలలో నీళ్ల లెక్క

భూమి లోతుల్లో గట్టి రాతి పొరల్లో ఇరుక్కున్న చమురు, గ్యాస్‌ను నీటి ఒత్తిడితో బయటికి రప్పించే పద్ధతే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్. వాడుకలో ఫ్రాకింగ్ అంటారు. మొదటి ప్రయోగం 1947లో అమెరికాలోని కాన్సాస్‌లో జరిగింది.

ఎలా చేస్తారు?

రెండు మూడు కిలోమీటర్లు నిలువుగా తవ్వి, కావాల్సిన పొర తగిలాక డ్రిల్లింగ్‌ను అడ్డంగా తిప్పుతారు. అలా మరో కిలోమీటరు, రెండు కిలోమీటర్లు పోతారు. స్టీలు పైపు దించి చుట్టూ సిమెంటు నింపుతారు. చివరి నుంచి మొదలుపెట్టి ఒక్కో భాగంలో పైపుకు రంధ్రాలు చేసి నీళ్లు, ఇసుక, కొద్దిగా రసాయనాలు గట్టి ఒత్తిడితో పంపుతారు. రాయి చిట్లుతుంది. ఆ పగుళ్లు మళ్లీ మూసుకోకుండా ఇసుక రేణువులు అడ్డుపడతాయి.

ఇసుక మధ్యలోనే అడుగుకు దిగిపోకూడదంటే నీళ్లు చిక్కగా ఉండాలి. అందుకు గోరుచిక్కుడు గింజల జిగురు వాడతారు. మన ఇళ్లలో వండుకునే గవార్ ఫలీ ఇదే. అమెరికా బావుల గిరాకీకి 2012లో దీని ధర ఎంత పెరిగిందంటే, మన దేశంలో ఫ్యూచర్స్ ట్రేడింగే ఆపేయాల్సి వచ్చింది.

మన దగ్గర సంగతి

కృష్ణా-గోదావరి బేసిన్ పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల తీరం దాకా వస్తుంది. అందులో ఒక భూగర్భ మిట్టకు బాపట్ల పేరే పెట్టారు. ఇదే బేసిన్‌లో, కాకినాడ తీరానికి ఆవల సముద్రంలో ఉన్న దీన్‌దయాళ్ క్షేత్రంలో భారీగా గ్యాస్ ఉందని 2005లో ప్రకటించారు. రాయి గట్టిది కావడంతో ఫ్రాకింగ్ అవసరమైంది. అయినా ఆశించినంత గ్యాస్ రాలేదు. షేల్ అన్వేషణకు ప్రభుత్వ రంగ సంస్థలకు 2013లో, ప్రైవేటు కంపెనీలకు 2018లో దారి తెరిచారు.

నీళ్లే అసలు సమస్య

అమెరికాలో ఒక్కో షేల్ బావికి సుమారు 57 లక్షల నుంచి 6 కోట్ల లీటర్ల దాకా పడుతుంది. కోటి లీటర్లంటే 25 ఎకరాల చేనంతా నాలుగంగుళాల మందాన నీళ్లు పరిచినంత. పైగా బావి నుంచి తిరిగొచ్చే నీళ్లలో ఉప్పు, రసాయనాలు ఉంటాయి, చేనుకు పనికిరావు. సాగర్ కాలువ చివరి భూముల్లో మిర్చి, పత్తి ఆఖరి తడికే ఎదురుచూస్తాయి. కనిగిరి వైపైతే ఫ్లోరైడ్ వల్ల తాగునీళ్లకే కష్టం.

2020 జనవరి సవరణ తర్వాత అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కాదు. కాబట్టి రిగ్గు దిగితే గ్రామసభలోనే అడగాల్సినవి మూడు: నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? వాడిన నీళ్లు ఎక్కడ వదులుతారు? పైపు చుట్టూ సిమెంటును ఎవరు పరీక్షిస్తారు?