మిలిటరీ జీపు ముందు ఇరుసు

1947 సెప్టెంబర్ 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి కదిలిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు విరుచుకుపడ్డారు. 22 మంది ప్రాణాలు పోయాయి. ఏడాది తిరిగి పదకొండు రోజులు గడిచాక, 1948 సెప్టెంబర్ 13న, భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో అడుగుపెట్టింది. షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి దళాలు, బెజవాడ వైపు నుంచి ఎ.ఎ. రుద్ర దళాలు కదిలాయి. 17 నాటికి నిజాం చేతులెత్తేశాడు. ఆ తర్వాత కూడా వరంగల్, నల్లగొండ అడవుల్లో సాయుధ రైతాంగ దళాల కోసం సైన్యం గాలింపు 1951 దాకా సాగింది. పరకాల మృతులకు 2003లో అమరధామం కట్టుకున్నాం. అది కట్టుకోవలసిందే. కానీ ఆ రోజుల్లో సైన్యం తిరిగిన బండ్ల గురించి మనం రాసుకున్నది చాలా తక్కువ.

ఆ బండ్లలో సామాన్యులకు బాగా గుర్తుండిపోయింది జీపు. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి దాదాపు ఆరు లక్షల నలభై వేల జీపులు తయారు చేశాయి. యుద్ధం ముగిశాక ఈ దేశంలో మిగిలిపోయిన సైనిక సామగ్రి వేలాల్లో అమ్ముడుపోయింది. 1947లో బొంబాయిలో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టారు. అప్పటినుంచి చాలాకాలం సైన్యానికీ పోలీసులకీ అటవీ శాఖకీ జీపే దిక్కయింది.

హైదరాబాద్ మీద సైనిక చర్య జరిగిన ఆ 1948లోనే పాత జీపుల మీద పెద్ద రగడ పుట్టింది. లండన్‌లో మన హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణమీనన్ సైన్యం కోసం రెండు వేల పాత జీపులకు ఒప్పందం కుదిర్చారు. బాగుచేసి ఇస్తామని అమ్మినవాళ్లు అన్నారు. తీరా దేశానికి చేరిన 155 బండ్లూ నడపడానికి పనికిరాలేదు. విచారణ సంఘానికి మన తిరుచానూరు మనిషి మాడభూషి అనంతశయనం అయ్యంగార్ నాయకత్వం వహించారు. 1955 సెప్టెంబర్ 30న కేంద్ర హోంమంత్రి గోవింద వల్లభ్ పంత్ ఆ వ్యవహారాన్ని మూసేశామని ప్రకటించారు. రాజకీయం సంగతి అలా ఉంచితే, నాకు అందులో కనిపించేది తనిఖీ లేని కొనుగోలు. పాత మిలిటరీ బండిని రంగు చూసి, ఇంజిను చప్పుడు విని కొంటే ఎవరికైనా అదే గతి. ముందు చక్రాల కిందికి దూరి చూడాలి.

ఎందుకంటే జీపును యుద్ధానికి పనికొచ్చే బండిగా నిలబెట్టింది ముందు ఇరుసే. అప్పటి మామూలు కారులో ముందు చక్రాలు దారి చూపుతాయి, అంతే. జీపులో అవి దారీ చూపాలి, బండినీ లాగాలి. స్పైసర్ 25 అనే ఆ ఇరుసు రెండు కొసల్లోనూ గుండ్రటి ఉక్కు గోళం ఉంటుంది. దాన్ని కప్పుకుని, చక్రాన్ని మోసే నకిల్ తిరుగుతుంది. గోళం లోపల, చక్రం ఎటు తిరిగినా దాన్ని తిప్పగల జాయింటు ఉంటుంది. బెండిక్స్, జెప్పా, ట్రాక్టా, స్పైసర్ అని ఆ జాయింట్లు నాలుగు రకాలు వాడారు. నకిల్ పైనా కిందా కింగ్‌పిన్ బేరింగులు ఉంటాయి. బండి బరువు, గుంతల దెబ్బ, తిప్పే బలం అన్నీ వాటి మీదే పడతాయి.

పాత జీపుకు ఎక్కువగా వచ్చే జబ్బు ఒకటుంది. గంటకు నలభై యాభై కిలోమీటర్ల వేగంలో చిన్న గుంత తగిలితే స్టీరింగ్ చేతుల్లో విపరీతంగా కొట్టుకుంటుంది. బండి ఆపితే గానీ ఆగదు. చాలామంది దానికి స్టీరింగ్ డాంపర్ బిగిస్తారు. అది జబ్బును దాచిపెడుతుందే తప్ప కుదర్చదు. అసలు కారణం ఒక్కొక్కటే తేల్చుకోవాలి. టైర్లలో గాలి, అరుగుదల ముందు చూడాలి. తర్వాత చక్రాన్ని జాకీతో ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆడుతోందా? అయితే ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. బ్రేకు తొక్కగానే ఆట పోతే లోపం హబ్ బేరింగులో ఉంది. తొక్కినా చక్రం ఆడుతుంటే కింగ్‌పిన్ బేరింగులే పోయాయి. ఈ ఒక్క పరీక్ష ఎన్ని అనవసరపు ఖర్చుల్ని తప్పిస్తుందో చెప్పలేను. కుడి ఎడమలుగా ఊపితే టైరాడ్ ఎండ్లు, మధ్యలో ఉండే బెల్ క్రాంక్ అరుగుదల తెలుస్తాయి. బెల్ క్రాంక్‌ను చాలామంది మర్చిపోతారు. రెండు టైరాడ్లూ దాని మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి అక్కడి కొద్దిపాటి అరుగుదల చక్రాల దగ్గరికి వచ్చేసరికి పెద్దదవుతుంది.

కింగ్‌పిన్ బేరింగుల దగ్గర ఇంకో చిక్కుంది. బండి ఎక్కువ కాలం తిన్నగానే పోతుంది కాబట్టి, రోలర్లు ఒకేచోట దెబ్బలు కొట్టి బేరింగు బయటి కప్పులో గుంతలు పడతాయి. అలాంటి బేరింగుకు షిమ్ములు, అంటే సర్దుబాటు కోసం వేసే పలచని రేకులు, మార్చి బిగించినా లాభం లేదు. తిన్నగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్నట్టుంటుంది, తిప్పితే పట్టేస్తుంది. కప్పుతో సహా మార్చాలి. కొత్తది వేశాక టైరాడ్ ఊడదీసి, ఆయిల్ సీల్ తీసేసి, స్ప్రింగు త్రాసుతో నకిల్‌ను లాగి బిగువు చూసి, దాన్నిబట్టి షిమ్ములు వేయాలి. చేతి అంచనా ఇక్కడ చాలదు.

తర్వాత కమాన్లు. మధ్య బోల్టు తెగితే ఇరుసు వెనక్కో ముందుకో జరుగుతుంది, బండి ఒక పక్కకి లాగుతుంది. ముందు వెనక చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు ఉండాలి. రెండు వైపులా టేపు పెట్టి కొలిస్తే ఈ లోపం అయిదు నిమిషాల్లో బయటపడుతుంది. ముందు చక్రాల ముందంచులు లోపలికి తిరిగి ఉండే కొలత, అంటే టో ఇన్, మిల్లీమీటరుకు కొంచెం పైనుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపు ఉండాలి. కాస్టర్, అంటే కింగ్‌పిన్ వెనక్కి వాలే కోణం, 3 డిగ్రీలు. రెండు కమాన్లూ సరిగ్గా ఉన్నా కాస్టర్ తేడాగా ఉంటే ఇరుసు వంగిందేమో చూడాలి.

గోళం బయట జిగట కారుతుంటే నకిల్ సీలు అరిగింది. బ్రేకు డ్రమ్ములో నూనె కనిపిస్తే లోపలి ఆయిల్ సీల్ వదిలేసింది. ఎడమ చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుందన్న సంగతి తెలియని చేతులు వాటిని బలవంతంగా తిప్పి స్టడ్లు విరగ్గొడతాయి.

ఒరిజినల్ ఇరుసును పీకేసి వేరే బండి ఇరుసు తగిలించడాన్ని నేను ఒప్పుకోను. మహీంద్రా జీపుల్లో చాలాకాలం ఇదే కుటుంబానికి చెందిన ఇరుసు ఉండేది, కాబట్టి బేరింగులు, సీళ్లు వెతికితే దొరుకుతాయి. ఇరుసు మారిన జీపు తిరగడానికి బాగుండొచ్చు. 1940ల నాటి బండి అని చూపించాలంటే మాత్రం అందులో మిగిలేది తక్కువ.

పనంతా అయ్యాక పరకాల నుంచి భూపాలపల్లి వైపు కొంతదూరం నడిపి, ఆగి హబ్ మీద చెయ్యి వేసి చూడాలి. వేడి ఒక పక్కే ఎక్కువగా ఉంటే ఆ వైపు బేరింగు మరీ బిగిసింది. దాన్ని కొద్దిగా వదులు చేసి, ఇరుసును కమాన్లకు పట్టి ఉంచే యు బోల్టులన్నీ ఇంకోసారి బిగించి, మళ్లీ నడపాలి.